ఎలా వచ్చావని అడిగే లూర్దమ్మ గారు

మొన్న పొద్దున్న ఫరంపేట రోడ్డులో సైకిళ్ళు బాగుచేసే అతను తుప్పు పట్టిన గొలుసొకటి కిరసనాయిలు డబ్బాలో ముంచి బ్రష్షుతో తోముతున్నాడు. ఈ రోజుల్లో కిరసనాయిలు కంటబడడమే ఒక వింత. ఎక్కడ దొరికిందయ్యా అంటే దేవరహస్యం అడిగినట్టు చూశాడు. ఆ వాసన నా ముక్కులోకి దూరి, అక్కణ్ణించి ముప్పై చిల్లర ఏళ్ళు వెనక్కి నడిచి, కనకాలపేటలో ఒక ఇంటి వసారాలో వెలుగుతున్న వత్తుల స్టవ్వు ముందు ఆగింది. ఆ స్టవ్వు పక్కనే నల్ల గొడుగు చంకలో పెట్టుకుని లూర్దమ్మ గారు నిలబడి ఉన్నారు. ఆవిణ్ణి మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే ఈపాటికి ఆవిడ గురించి మీరే రాసేసి ఉండేవారు, నాకు ఒక్క ముక్క మిగిల్చేవారు కారు.

ఎనభైల నడిమి సంగతి. యానాంలో వికలాంగుల సంక్షేమం చూసే ఆఫీసుకి ఆవిడ అధికారి, నేను గుమాస్తాని. మాకు ఇద్దరికీ కలిపి రెండు గదులు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను తిరుగుతుంటే గాలి రాకపోయినా, తుఫాను వస్తోందేమోనని పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టలు తీసేసుకునేవారు. మూడు చక్రాల సైకిళ్ళు, చంకకర్రలు, చూపు లేనివాళ్ళకి తెల్లకర్రలు, చెవి మిషన్లు, నెలనెలా పింఛను, ఇవీ మా సరుకులు. యానాం పాండిచ్చేరి కిందది కనక ఇవన్నీ అక్కణ్ణించే రావాలి. మాకూ పాండిచ్చేరికీ మధ్య రెండు రాష్ట్రాలు అడ్డంగా పడుకుని ఉండడం వల్ల, అక్కడ బయలుదేరిన కాగితం ఇక్కడికి చేరేలోగా గోదావరికి వరద వచ్చి, తీసి, గట్ల మీద గడ్డి కూడా మొలిచేది. లూర్దమ్మ గారి గొంతు మాత్రం ఏ ఆలస్యమూ లేకుండా ఏటి అవతలి లంకలకి చేరేది. ఆవిడ మా గదిలో తుమ్మితే అవతలి ఒడ్డున గేదెలు తల ఎత్తేవని చెప్పుకునేవారు. చెప్పుకునేవారంటే, నేనే చెప్పేవాణ్ణి.

ఉద్యోగంలో చేరిన రోజునే నాకు మొట్టికాయ పడింది. కళ్ళు కనబడని ముసలాయన ఒకాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను లోకంలోని దుఃఖమంతా మొహానికి పులుముకుని, గొంతు తగ్గించి, "అయ్యో తాతా, ఎప్పట్నించి ఇలా?" అన్నాను. లూర్దమ్మ గారు కళ్ళజోడు మీంచి నా వంక చూశారు.

"ఏవయ్యా, ఆ మొహం ఇంటి దగ్గర పెట్టి రా రేపట్నించి. జాలి పడ్డానికి ప్రభుత్వం వేరే ఎవరినీ వెయ్యలేదు, నిన్నూ వెయ్యలేదు." తరవాత ముసలాయన వైపు తిరిగి మామూలుగా అడిగారు. "ఎలా వచ్చావు తాతా?"

ఇదేదో కుశలప్రశ్న అనుకున్నాను నేను. ముసలాయన మాత్రం అరగంటసేపు చెప్పాడు. మెట్టకూరు నుంచి మనవడు సైకిలు మీద కూర్చోబెట్టుకుని వచ్చి, బడికి వేళయిపోతోందని దారిలో దింపేశాడట. అక్కణ్ణించి ఎండుచేపల గంపతో పోతున్న ఒకావిడ చీర కొంగు పట్టుకుని బజారుదాకా, బజారులో ఎవరో మంగలాయన భుజం పట్టుకుని మా వీధిదాకా వచ్చాడట. తిరిగి వెళ్ళడానికి ఇంకా ఎవరూ దొరకలేదు. సంత రోజయితే మా ఊరి బండ్లు వస్తాయమ్మా, ఎవడో ఒకడు ఎక్కించుకుంటాడు అన్నాడు. ఆవిడ అంతా విని తలాడించారు. ఆ నెల నుంచి మా ఆఫీసులో పింఛను ఇచ్చే రోజు సంత రోజుకి మారింది. అంతే. దాని గురించి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. పైవాళ్ళు ఎందుకు మార్చారని అడిగితే, "బండ్లు ఆ రోజు వస్తాయి" అని ఒక్క వాక్యం రాయించారు. నేను రాసినవాటిలో అంత పొట్టి వాక్యం అదే.

కనకాలపేట నుంచి వెంకటలక్ష్మి వచ్చినప్పుడు కూడా ఆవిడ అడిగింది ఆ ప్రశ్నే. ఇరవై అయిదేళ్ళుంటాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పే కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టేది. ఆ చేతులు చూస్తే వస్తాదులు సిగ్గుపడి వ్యాయామం మానేస్తారు.

"అన్నయ్య సైకిలు మీదండి" అంది.

"మీ అన్నయ్య లేకపోతేనో?"

"రానండి."

"ఎన్నాళ్ళుంటాడు?"

"వచ్చే సంకురేత్రికి లారీ మీద కిలీనరుగా ఎల్లిపోతన్నాడండి. బజార్లో బట్టల కొట్టాయన అరుగు మీద కూకుని కుట్టుకోమన్నాడండి. రోజూ రావాలంట. రాకపోతే ఇంకోళ్ళకి ఇచ్చేత్తానన్నాడు. మూడు చక్రాల సైకిలుంటే నేనే వత్తానండి" అంది.

ఇవ్వడానికి సైకిలు ఉంది. చిక్కల్లా ఇంటితో వచ్చింది. వాళ్ళ ఇల్లు సరిగ్గా సరిహద్దు మీద ఉంది. యానాంకీ ఆంధ్రాకీ మధ్య పాతిన రాయి ఆ ఇంటి నడిమి గుమ్మం పక్కన గోడలో కలిసిపోయింది. వాళ్ళమ్మ దాని మీద తడిగుడ్డ ఆరేసేది. వీధి వైపు వసారా ఆంధ్రప్రదేశ్, గుమ్మం దాటిన వెనక గదీ వంటగదీ పాండిచ్చేరి. ఆ ఇంట్లో పిల్లి రోజుకి ఎన్నిసార్లు రాష్ట్రం దాటేదో లెక్క కట్టినవాడు లేడు. వీధి గుమ్మం ఆంధ్రాలో ఉంది కనక ఈ అమ్మాయి మనమ్మాయి కాదు పొమ్మని పాండిచ్చేరి రాసింది. పొయ్యి ఎక్కడుంటే మనిషి అక్కడ ఉన్నట్టు, ఆ పొయ్యి యానాంలో ఉంది, వచ్చి చూసుకోండి అని లూర్దమ్మ గారు తిరిగి రాయించారు. ఎందుకనో ఆ మాట పైవాళ్ళకి నచ్చింది. చూడ్డానికి ఒక తనిఖీ అధికారిని పంపారు.

పాపం, ఆయన మంచివాడే. రైలెక్కి, రైలు మారి, కాకినాడలో బస్సెక్కి, మా ఊళ్ళో దిగేసరికి ఒంటి మీద చొక్కా ఆయన తాతగారి కాలం నాటిదిలా అయిపోయింది. ఆయనని రిక్షాలో ఎక్కించుకుని కనకాలపేట వెళ్ళాం. వసారా మెట్టు ఎక్కగానే గుప్పున కిరసనాయిలు వాసన కొట్టింది. చూద్దును కదా, వత్తుల స్టవ్వు వసారాలో వెలుగుతోంది. దాని మీద కాఫీ నీళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో తెర్లుతున్నాయి.

వెంకటలక్ష్మి తల్లి చేతులు జోడించి ఎదురొచ్చింది. "ఆయ్, రండి బాబూ! పెద్ద దొరగారు వత్తన్నారని తెలిసిందండి. మా కొంపలో కూకోబెట్టేంత చోటెక్కడుందండీ? అందుకే పొద్దున్నే పొయ్యి ఇటు తెచ్చేసి, వంటగది సున్నం కొట్టించేసేనండి. లోపలికి రండి, కుర్చీ ఏసేను."

నిజమే. వంటగది పెళ్ళివారి విడిదిలా మెరిసిపోతోంది. నేల మీద ముగ్గు, గూటికి మామిడాకులు, మధ్యలో ఎవరింటి నుంచో ఎరువు తెచ్చిన చేతుల కుర్చీ. నా కాళ్ళ కింద రెండు రాష్ట్రాలూ ఒకేసారి కదిలాయి. ఇన్ని నెలలుగా ఆ మూల వంటగదిలో కదలకుండా కూర్చున్న పొయ్యి, కావలసిన ఒక్క పూటా మర్యాద కోసం సరిహద్దు దాటి వెళ్ళిపోయింది.

అధికారి కుర్చీలో కూర్చున్నాడు. కాఫీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "కాఫీ బాగుందమ్మా. ఎక్కడ పెట్టారు?" అన్నాడు.

"అదిగోనండి, వసారాలో" అంది తల్లి, మెచ్చుకున్నారని పొంగిపోతూ.

"లూర్దమ్మ గారూ, మాట మీదే కదండీ" అన్నాడాయన, మెల్లగా. "పొయ్యి ఎక్కడుంటే మనిషి అక్కడ అని."

గోడ వారన కుట్టుమిషను పక్కన కూర్చున్న వెంకటలక్ష్మి కుడుతున్న జాకెట్టు తీసి మడత పెట్టేసింది. వాళ్ళన్నయ్య ఇంట్లో లేడు, లారీ వాళ్ళతో మాట్లాడ్డానికి వెళ్ళాడు. లూర్దమ్మ గారు వాదిస్తారనుకున్నాను. ఆ గొంతు లేస్తే గేదెల సంగతి దేవుడెరుగు, ఆ కొత్త సున్నం రాలుతుందని కాస్త పక్కకి కూడా జరిగాను. ఆవిడ గొంతు లేవలేదు. వసారాలోకి వెళ్ళి స్టవ్వు పక్కన నిలబడి, అక్కణ్ణించి లోపలికి చూస్తూ పిలిచారు.

"వెంకటలక్ష్మీ, ఇలా రామ్మా."

అమ్మాయి కదల్లేదు. "ఎలా వత్తానండి?" అంది.

"ఏం? మీ ఇల్లే కదా."

"గడప ఉంది కదండీ."

అప్పుడు చూశాం అందరం, సరిహద్దు రాయి పక్కన మేం దాటుకునే వచ్చిన ఆ గడపని. గోదావరి వరద లోపలికి రాకూడదని వాళ్ళ తాత వెనక భాగం ఎత్తు చేసి, మోకాలి ఎత్తు గడప కట్టించాడట. గోదావరి మాట ఎలా ఉన్నా, ఆయన మనవరాలికి మాత్రం అది దాటరానిదయింది. వెనక గదిలో సిమెంటు నేల మీద, కుట్టుమిషను దగ్గర్నుంచి వంటగదికీ, వంటగది నుంచి పెరటి గుమ్మానికీ, అక్కణ్ణించి మట్టి పోసి వాలు చేసిన దారికీ, మనిషి ఒళ్ళు రాసుకుని రాసుకుని ఒక నున్నటి బాట పడి ఉంది. అద్దంలా మెరుస్తోంది. గడప వైపు నేల గరుకుగా, కొత్తగా, కట్టినప్పటిలాగే ఉంది.

"ఈ పూట వంట ఎవరు చేశారమ్మా?" అని అడిగారు లూర్దమ్మ గారు.

"అమ్మేనండి. రోజూ నేనేనండి. ఇయ్యాల పొయ్యి అవతలికెళ్ళిపోయింది కదండీ, అన్నయ్య లేడు ఎత్తడానికి."

అధికారి లేచి ఆ మెరుపు వెంట పెరటిదాకా నడిచి వెళ్ళాడు, తిరిగి వచ్చాడు. గడప దగ్గర నిలబడి కాసేపు తన కాళ్ళ వంక చూసుకున్నాడు. "ఈ అమ్మాయి ఆంధ్రా వెళ్ళాలంటే మోసుకెళ్ళే మనిషి కావాలండీ" అన్నాడు చివరికి. "ఇక్కడ ఉంటున్న మనిషే. రాసేస్తాను." తల్లికి ఇదంతా ఏమీ అర్థం కాలేదు. ఇంకో గ్లాసు కాఫీ ఇమ్మంటున్నారేమోనని వసారాలోకి పరిగెత్తింది.

అన్నయ్య లారీ ఎక్కిన వారానికి మా వీధిలో ఒక చప్పుడు వినబడింది. కిర్రు కిర్రుమని, పది గానుగలు ఒకేసారి తిరుగుతున్నట్టు. దరఖాస్తులు చూస్తున్న లూర్దమ్మ గారు తల ఎత్తి, లేచి, గుమ్మంలోకి వెళ్ళారు. వీధిలో మూడు చక్రాల సైకిలు మీద వెంకటలక్ష్మి. చెమటతో తడిసి ముద్దయిపోయింది. వెనక కుట్టుమిషను తాళ్ళతో కట్టి ఉంది. బట్టల కొట్టుకి మా వీధి దారి కాదు. చుట్టూ తిరిగి వచ్చింది.

"ఎలా వచ్చావమ్మా?" అన్నారు ఆవిడ, ఎప్పుడూ అడిగే గొంతుతోనే.

"నేనే వచ్చానండి."

నేను ఆవిడ మొహం చూశాను, అందులో ఏమైనా కనబడుతుందేమోనని. ఏమీ కనబడలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని పెట్టుకున్నారు. "మరయితే ఆ గొలుసు కిరసనాయిల్లో కడిగి నూనె వెయ్యి. ఊరంతా వినబడుతోంది" అని లోపలికి వచ్చేశారు. వెంకటలక్ష్మి నవ్వుకుంటూ, ఊరందరికీ వినబడుతూ, బజారు వైపు వెళ్ళిపోయింది.

లూర్దమ్మ గారు పోయి చాలా ఏళ్ళయింది. సమాధి చేసిన రోజున అక్కడ చంకకర్రలూ తెల్లకర్రలూ మూడు చక్రాలూ అన్నీ చేరాయి. నేను దుఃఖపడవలసిన చోట నిలబడి, వచ్చినవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ఎలా వచ్చావు, ఎలా వెళతావు అని అడుగుతూ తిరిగాను. ఆ జబ్బు ఇంకా వదల్లేదు. పెళ్ళిళ్ళలో కూడా అడుగుతాను. కారు పంపిస్తాననుకుని కొందరు సంబరపడతారు, కారు ఎక్కిస్తారేమోనని నేను చూస్తున్నాననుకుని కొందరు, మాట మార్చేస్తారు.

పదేళ్ళ కిందట మేం సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు, ఒక్క గుమ్మానికీ గడప వద్దన్నాను. మేస్త్రీ నాకు మతి పోయిందనుకున్నాడు. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "గడప లేకపోతే పసుపు దేనికి రాయమంటారు? మీ నెత్తికా?" అంది. రాయమన్నాను, నెత్తి సిద్ధంగానే ఉందన్నాను. చివరికి ఆవిడే దారి కనిపెట్టింది. ప్రతి శుక్రవారం గడప ఉండవలసిన చోట నేల మీద పసుపుతో అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద కుంకుమ బొట్లు పెడుతుంది. సాయంత్రానికి ఆ గీత మీద ఎప్పుడూ ఏదో ఒక జాడ ఉంటుంది, చెప్పులదో పిల్లల సైకిలుదో. వెంకటలక్ష్మి జాకెట్లు ఇచ్చి వెళ్ళిన రోజున మాత్రం, మూడు చక్రాల జాడలు పసుపు రంగులో నట్టింటిదాకా ఉంటాయి. ఆ రోజు నేల తుడవడం నా వంతు. నేను మర్నాటిదాకా తుడవను.