డ్రమ్ములో బాగా తిరిగిన ఇంజను

2019. ఆర్మూర్ మార్కెట్ రోడ్డులో నా రిపేరు షాపు. పసుపు సీజన్ కావడంతో, పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ముల మోటర్లు షాపు నిండా ఉన్నాయి. అప్పుడే గంగారాం ఆటోలో బోటింజను తెచ్చాడు. గోదావరిలో చేపలు పట్టే మనిషి. కుడి భుజం పాడై, ఇక తెడ్డు వేయొద్దని డాక్టరు చెప్పాడట. ఇంజను నడిస్తేనే అతనికి చేపల వేట, లేకపోతే లేదు.

బోటు మెల్లగా పోతోందన్నాడు. నేను ఫ్యాను, అంటే ప్రొపెల్లర్, మార్చాను. దానికి పిచ్ అని ఒకటి ఉంటుంది: ఒక్క చుట్టుకు నీళ్లలో ఎంత ముందుకు తోస్తుందనే లెక్క. పిచ్ పెద్దదైతే వేగం ఎక్కువని నాకు తెలుసు. బోటు బరువెక్కితే ఇంజను అంత పిచ్‌ను తిప్పలేకపోతుందని మాత్రం ఆలోచించలేదు. షాపులోని నీళ్ల డ్రమ్ములో ముంచి తిప్పి చూపించాను. చక్కగా తిరిగింది.

వారానికి మళ్లీ వచ్చాడు.

"ఖాళీగుంటె మస్తు ఉరుకుతుందన్నా. వలలు, చేపలు ఏస్తే మూల్గుతుంది, పొగ ఇడుస్తుంది. జర ఒక్కపారి నీళ్ల మీదికొచ్చి సూడరాదు?"

"సీజన్ల నేనేడికి రావాలె? లోడు ఎక్కువేస్తున్నవ్, తగ్గియ్యి."

"గా వలలు గూడ ఇడిసిపెట్టి పోవాల్నా?"

నాకు కోపం వచ్చింది. ఇరవై ఏళ్ల మేస్త్రికి ఇతను చెప్పేదేమిటనుకున్నాను. ప్లగ్గు మార్చి, కార్బురేటర్ కడిగి, మళ్లీ డ్రమ్ములోనే చూసి పంపాను. మూడోసారి వచ్చినా అదే చేశాను. నాలుగోసారి అతను రాలేదు.

వానలకు ముందే బోటూ ఇంజనూ అమ్మేశాడు. కొన్నతను నన్ను ఒడ్డుకు రమ్మంటే, సీజన్ అయిపోయింది కాబట్టి వెళ్లాను. వలలు వేసుకుని బోటెక్కి, ఇంజను చుట్లు చూపే టాకోమీటర్ తగిలించి ఫుల్ రేజ్ ఇచ్చాను. ఐదు వేలు దాటాల్సిన ముల్లు నాలుగు వేల దగ్గరే ఆగింది. తప్పు నేను పెట్టిన ఫ్యానుదే. చిన్న పిచ్‌ది తొడిగితే, అదే లోడుతో బోటు లేచి పరుగెత్తింది. అరగంట పని. నా మీద నాకే అసహ్యం వేసింది.

గంగారాం అప్పటికే పసుపు యార్డు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. అతను బోటు సంగతే అడిగాడు.

"ఇప్పుడు మంచిగ పోతుందా బోటు?"

"పోతుంది."

"వలలతోని?"

"వలలతోనే."

"గా దినమే రమ్మంటి గదన్నా," అని గేటు తీయడానికి లేచాడు. ఎడమ చేత్తోనే తోశాడు.

ఇప్పుడు ఎంత సీజనైనా సరే, బోటింజను వస్తే ఒడ్డుకు పోయి లోడు మీదే చూస్తాను. ఆ పని నాకు నేర్పిన మనిషికి మాత్రం బోటు లేదు.