తుప్పు పట్టిన పిల్లల కాటా

తూకాల మేస్త్రి అంటే బజారులో తెలియనివాళ్లు లేరు. కాటాలు, తక్కెడలు బాగుచేయడం ఆయన పని. ఆ పని ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో ఏ నిర్ణయమైనా సరే నిజంగానే తక్కెడలో వేసి తూచేవాడు. కొట్టు మధ్యలో దూలానికి వేలాడే పెద్ద తక్కెడ ఒకటుంది. ఒక పళ్లెంలో ఖర్చు పేరిట ఇనుప రాళ్లు, ఇంకో పళ్లెంలో రాబడి పేరిట రాళ్లు. రాబడి వైపు దిగితే సరే, లేకపోతే ఇక నోరెత్తడానికి లేదు. కుట్టుమిషను అలాగే కొన్నారు, ఫ్రిజ్జు అలాగే మానేశారు. నన్ను చేసుకునేముందు కూడా తూచే ఉంటారు, ఖర్చు వైపు రాళ్లు తక్కువ పడ్డాయేమో అని భార్య దెప్పుతూ ఉండేది.

అలాంటి మనిషికి కూతురు ఒక చిక్కు తెచ్చిపెట్టింది. పిల్ల అప్పటికే కాలవగట్టు పేటలోని ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తోంది. పబ్లిక్ హెల్త్‌లో పెద్ద డిగ్రీకి సీటొచ్చింది. వేరే ఊళ్లో రెండేళ్లు ఉండి చదవాలి, ఈ వారంలోనే ఫీజు కట్టాలి. మేస్త్రి దగ్గర డబ్బు లేక కాదు. పెళ్లయినప్పటి నుంచీ అద్దెకుంటున్న ఆ కొట్టును సొంతం చేసుకోవాలని కడుపు కట్టుకుని కూడబెట్టాడు. ఓనరు ఇన్నాళ్లకి అమ్ముతానంటున్నాడు. రెండింటికీ చాలదు.

డాక్టరైతే మందు రాస్తాడు, నర్సయితే సూది వేస్తుంది, మరి ఇది చదివినవాళ్లు ఏం చేస్తారని అడిగాడు. జనం జబ్బు పడకుండా చూస్తారంది కూతురు.

"జబ్బే పడకపోతే నీకు జీతం ఎవరిస్తారే?" అన్నాడు మేస్త్రి. వేళాకోళం కాదు పాపం, నిజంగా వచ్చిన అనుమానమే.

సరే, తక్కెడ దగ్గరికి తీసుకెళ్లాడు. ఫీజుకి పెద్ద రాయి వేశాడు. హాస్టలుకి ఇంకోటి, రెండేళ్లు పోయే జీతానికి మరోటి. ఖర్చు పళ్లెం ధబ్బున నేలకి ఆనింది. చదువయ్యాక జీతం ఏమాత్రం పెరుగుతుందని అడిగితే పిల్ల అబద్ధమాడలేదు, మొదట్లో పెద్దగా పెరగదంది. మేస్త్రి గుప్పిట్లో ఇమిడే రాయి ఒకటి వేశాడు. పళ్లెం ఉలకలేదు, పలకలేదు. తక్కెడ ముందే పెరిగిన పిల్ల, ఏమని వాదిస్తుంది? సీటు వదులుకుంటానని చెప్పి పనికి వెళ్లిపోయింది. రాళ్లు అలాగే ఉండిపోయాయి.

ఆ మర్నాడే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, పిల్లల వార్డులో కాటా ముల్లు కదలడం లేదని. ఆ కాటా మేస్త్రికి పాత నేస్తం. ఎండాకాలం వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయంటే ప్రతి పసివాణ్ణీ ముందు దానిమీద పడుకోబెడతారు. బరువు చూశాకే సెలైన్ ఎంత ఎక్కించాలో తేలుస్తారు. కిందటేడు ఆ తాకిడికి స్ప్రింగు సాగిపోతే రెండుసార్లు మార్చాడు. అప్పుడు మంచానికి ఇద్దరు పిల్లలు, నేలంతా తల్లులు, కాలు పెట్టే చోటు లేదు. ఇంకా ఎంతసేపయ్యా అని ఒక తల్లి అడిగిన గొంతు ఆయన చెవిలో ఇంకా ఉంది.

ఈసారీ స్ప్రింగే అయ్యుంటుందని కొత్తది కొనుక్కుని మరీ వెళ్లాడు. విప్పి చూస్తే స్ప్రింగు నిక్షేపంలా ఉంది. ఇరుసే తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మేస్త్రి నోరెళ్లబెట్టాడు. కాటాలు వాడి వాడి అరిగి పాడవుతాయి. వాడకం లేక పట్టేసిన కాటాని మూతపడ్డ కొట్లలో చూశాడు గానీ, మండుటెండల్లో పిల్లల వార్డులో చూడటమా!

అప్పుడు తలెత్తి చూశాడు. మంచాలన్నీ ఖాళీ. దుప్పట్లు వేసిన మడత వేసినట్టే ఉన్నాయి. వార్డు వేరేచోటికి మార్చారా అని నర్సమ్మని అడిగాడు.

"మార్చలేదు మేస్త్రిగారూ. ఎండాకాలం ఈ వార్డుకి వచ్చేదంతా కాలవగట్టు పేట పిల్లలే కదా, ఈ ఏడు వాళ్లు రావడం లేదు. అంతా మీ అమ్మాయి పుణ్యం. మీకు తెలీదా?"

తెలీకేం! కిందటేడు కూతురు ఆ పేటలో కాళ్లరిగేలా ఇల్లిల్లూ తిరిగింది. తాగే నీళ్ల డ్రమ్ముల్లో అందరూ చేతులు ముంచుతున్నారు, జబ్బు అక్కడి నుంచే వస్తోందని పట్టుకుంది. డ్రమ్ములకి మూతలుండాలి, అడుగున కుళాయిలుండాలి అని తండ్రి ప్రాణం తోడేసింది. ఆదివారాలన్నీ ఆ డ్రమ్ములకి కన్నాలు వేసి కుళాయిలు బిగించింది ఎవరనుకున్నారు? ఈ మేస్త్రే. కూలీ రాని చాకిరీ అని గొణుక్కుంటూ బిగించాడు.

ఒక ఖాళీ మంచం అంచున కూర్చుండిపోయాడు. ఈ మంచాల మీద ఉండాల్సిన పిల్లలు ఇప్పుడు వీధుల్లో ఆడుకుంటున్నారు. ఏ పిల్ల తప్పించుకుందో ఎవరూ వేలెత్తి చూపించలేరు, ఆ తల్లులకే తెలీదు. ఇంత పని జరిగింది, చప్పుడే లేదు. నిన్నమొన్నటిదాకా కొట్లో రాళ్లు పేర్చి ఆడుకున్న తన పిల్లేనా ఇది చేసింది! కళ్లు తుడుచుకుని ఇరుసుకి నూనె వేశాడు. వచ్చే ఎండాకాలానికి మళ్లీ పట్టేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. తను చేసిన పని పాడవ్వాలని ఆయన కోరుకోవడం అదే మొదలు.

సాయంత్రం కొట్టుకి వచ్చేసరికి కూతురు అక్కడే ఉంది. ఖర్చు పళ్లెం ఇంకా నేలనంటుకునే ఉంది.

"రాళ్లు తీసెయ్యనా నాన్నా? కాలేజీకి రానని చెప్పేస్తాను."

పైకి లేచిపోయి ఉన్న రాబడి పళ్లెంలోని ఆ చిన్న రాయి వైపు మేస్త్రి చూశాడు.

"తూకం తప్పానమ్మా," అన్నాడు. "అటు వెయ్యాల్సినదానికి నా దగ్గర రాళ్లు లేవు. పొద్దున్నే వెళ్లి ఫీజు కట్టేద్దాం."

"మరి కొట్టు?"

"ఇన్నాళ్లూ అద్దెకే ఉన్నాం కదే," అని షట్టరు కిందికి లాగాడు.