లేసు తెర మీద బాతుల మలుపు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు నన్ను నరసాపురం దగ్గర ఒక లేసు శిక్షణ కేంద్రానికి డిజైన్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. చేరిన నెలలోనే పెద్ద పని వచ్చింది. మా శాఖ కొత్త ఆఫీసు మీటింగు హాలు గోడకి పన్నెండు అడుగుల లేసు తెర కావాలి. అంశం, ప్రకృతిలో కదలిక. సోమవారం చూపించే ప్లాను నచ్చకపోతే మిషను కుట్టు తెర తెప్పిస్తామన్నారు. అంటే మా దగ్గర అల్లే ఇరవై మంది ఆడవాళ్లకు నాలుగు నెలల పని పోయినట్టే.

గోదావరి అలలు ఎవరైనా వేస్తారని నేను బాతుల మందను ఎంచుకున్నాను. లేసు ప్లాను గళ్ల కాగితం మీద గీస్తారు. నింపిన గడిలో దారం ఒత్తుగా అల్లుతారు, ఖాళీ గడిని కన్నంగా వదిలేస్తారు. మూడు రోజులు కూర్చుని వరసలు వరసలుగా బాతులు గీశాను. ప్రతిదానికీ కన్ను కూడా పెట్టాను.

అల్లికలో అందరికన్నా సీనియర్ మరియమ్మగారు. కాగితం చాలాసేపు చూసి, "బాగున్నాయండి. బళ్లో ప్రేయరుకి నిలబెట్టినట్టున్నాయండి," అన్నారు.

నాకు ఉక్రోషం వచ్చింది. నా బాతులే సరైనవని చూపించడానికి శనివారం పొద్దున్నే ఆవిడను వెంటబెట్టుకుని, కోసిన వరిచేలో మేస్తున్న మంద దగ్గరికి వెళ్లాను. కాపరి కర్ర ఎత్తాడు. ముందున్న బాతులు తిరిగాయి. వెనకవాటికి ఆ సంగతి తెలియదు, నేరుగా వస్తూనే ఉన్నాయి. మధ్యవి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కొన్ని నేను నిలబడ్డ గట్టెక్కాయి. వాటికి దారి ఇవ్వబోయి పక్క బోదె కాలవలో మోకాళ్ల దాకా దిగబడ్డాను.

మరియమ్మగారు చెయ్యి అందిస్తూ, "చూశారా మేడంగారూ, మలుపు దగ్గర బాతు కనపడదండి. మెడలే కనపడతాయి," అన్నారు.

ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ మా ఇంటికి వచ్చారు. ఇద్దరం మళ్లీ గీశాం. అంచుల్లో విడివిడిగా బాతులు, లోపలికి వచ్చేకొద్దీ మెడలు, మలుపు దగ్గర ఒత్తుగా దారమే. కళ్లన్నీ ఆవిడే చెరిపేశారు, కాస్త సంతోషంగానే.

సోమవారం మా పై అధికారి, సహాయ సంచాలకులు, ప్లాను గోడకి పెట్టించి దూరం నుంచి చూశారు. "బాతులేవండీ ఇందులో?" అని అడుగుతూనే, తనకు తెలియకుండానే తలను ఎడమ నుంచి కుడికి తిప్పారు. మరియమ్మగారు నా వైపు చూసి, నవ్వు కనపడకుండా తల దించుకున్నారు. ఫైలులో ఆయన "ఆమోదించడమైనది. బాతుల సంఖ్య తెలుపవలెను" అని రాశారు. "తిరుగుచున్నందున లెక్కకు అందలేదు" అని జవాబు పెట్టాను. మళ్లీ అడగలేదు.

కదిలేదాన్ని గీసేటప్పుడు అది ఎక్కడ గుమిగూడుతుందో, ఎక్కడ పలచబడుతుందో ముందు గుర్తించాలని అప్పుడు తెలుసుకున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ తరవాత ప్రతి ప్లాను మీదా నా సంతకం కన్నా ముందు మరియమ్మగారి సంతకం తీసుకున్నాను.