ముందు పిల్లకి చెప్పు

నా చిన్నప్పుడు, దేవేంద్ర నగర్‌లోని మా ఇంట్లో, వీసీఆర్ లోపల కరకరమని చప్పుడు మొదలవగానే నాకు భయం పట్టుకుంది. టేపు నలిగిపోతోందని కాదు, ఆ నేరం నామీదికే వస్తుందని.

ఆ రోజు నాయనమ్మ సంవత్సరీకం. భోజనాలయ్యాక చుట్టాలంతా ముందుగదిలో చేరి చిన్నాన్న పెళ్లి క్యాసెట్ పెట్టించారు. నాయనమ్మ నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్కదానిలోనే. ఆవిడ తెరమీదికి వచ్చేలోపే బొమ్మ వంకర్లు పోయి ఆగిపోయింది. పెదనాన్న నావైపు చూడనైనా చూడకుండా, "ఇదే ఏ రూపాయి సిక్కానో లోపలికి తోసుంటుంది" అన్నాడు. నేను దాన్ని ముట్టుకోనే లేదు. అంతమందిలో ఒక్కరైనా నన్ను అడగలేదు. గదిలో ఒక పిల్ల ఉంటే చాలు, దొంగ దొరికిపోయినట్టే. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా మేనత్త మాత్రం స్క్రూడ్రైవర్ తెచ్చి మూత విప్పింది. నన్ను పిలిచి టార్చి పట్టుకోమంది. లోపల సిక్కా లేదు. టేపును చుట్టే చక్రానికి ఉండే రబ్బరు బెల్టు సాగి వేలాడుతోంది. చుట్టుకోని టేపంతా పోగుపడి నలిగింది. అత్త దాన్ని వేళ్లతో మెల్లగా విడదీసింది. బెల్టును టీ గిన్నెలో మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, తుడిచి తగిలిస్తే కాస్త బిగిసింది. ముందు ఏదో పాత క్యాసెట్‌తో చూసుకుని, తర్వాతే పెళ్లిది వేసింది.

నాయనమ్మ వచ్చింది, ఎవరినో భోజనానికి లేవమని కేకేస్తూ. పెదనాన్న కళ్లు తుడుచుకుని "వచ్చిందిగా" అన్నాడు. అంతే. అత్త వీసీఆర్ ఆపేసింది.

"ముందు పిల్లకి చెప్పు అన్నయ్యా, దాని తప్పు లేదని. తర్వాత అమ్మని చూద్దువుగాని."

ఆయన గోడవైపు చూస్తూ సరేలే అన్నాడు.

"గోడకి కాదు" అంది అత్త.

అప్పుడు నావైపు తిరిగి, నీ తప్పు లేదమ్మా అన్నాడు. ఆ తర్వాతే నాయనమ్మ మళ్లీ కదిలింది.

నిన్న సాయంత్రం, మేమిప్పుడు ఉండే మోవాలో మా బిల్డింగ్ లిఫ్టు ఆగిపోయింది. కిందింటి పెద్దాయన అందరి ముందు మా పిల్లలే పాడుచేశారన్నాడు. మెకానిక్ వచ్చి, తలుపు దగ్గర తీగ తెగిందని చూపించి బాగుచేశాడు. పెద్దాయన లిఫ్టెక్కి వెళ్లిపోయాడు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

ఈ పొద్దున పిల్లలకు జడలు వేస్తూ చెప్పాను: "లిఫ్టు బాగైంది కానీ, మీ తప్పు లేదని తాతగారు ఇంకా అనలేదు. బూట్లు వేసుకోండి. బస్సు వచ్చేలోపు ముగ్గురం వెళ్లి అడుగుదాం."