తిరిగి ఇవ్వాల్సిన గింజలు

పుణెలో నా బల్ల మీద, పెన్నుల డబ్బా పక్కన, ఒక గాజు గ్లాసులో పదిహేడు మొర్రి గింజలున్నాయి. బఠాణీ గింజంత ఉంటాయి, కొద్దిగా నొక్కినట్టు, గుజ్జు ఎండి అంటుకున్న చోట నల్లగా. పగలగొడితే లోపల ఉండేది పాయసంలో వేసుకునే సారపప్పు. ఆ పప్పు ఇక్కడి దుకాణాల్లోనూ దొరుకుతుంది కాని దానికి వాసన ఉండదు. ఈ గింజలకు ఉంది. గ్లాసులో ముక్కు పెడితే మొదట పులుపు, తర్వాత తీపి, ఆ తర్వాత ఎండుటాకు, చివర కొంచెం పొగ, ఎప్పుడూ ఆ వరుసలోనే వస్తాయి. వరుసలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఆ పిచ్చితోనే ఎనిమిదేళ్ళ వయసులో, ఎవరు మా ఊళ్ళో ఉండిపోవాలని కోరుకున్నానో ఆమెను నేనే ఊరి నుంచి సాగనంపినంత పని చేశాను.

గోదావరి ఒడ్డున, మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో మాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బాపు, అంటే మా నాన్న, నడిపే కిరాణా దుకాణంలో హిందీ, వారం వారం సంత జరిగే అంగడి రోజున వీటికి తోడు గోండి. బడిలో ఆడ టీచర్లను బాయి అని పిలిచేవాళ్ళం. హోలీ వెళ్ళిన వారం, అంతా మరాఠీయే మాట్లాడే చామోర్షి నుంచి కొత్త లెక్కల బాయి వచ్చి, మా ఇంటి వెనుక గదిలో అద్దెకు దిగింది. అంతకుముందు లెక్కలంటే ఎక్కాలు అప్పజెప్పడమే. ఈమె మాతో తాడుతో బడి గోడ కొలిపించింది, అడుగులతో ఆటస్థలం కొలిపించింది, నాకు నా మొదటి గ్రాఫ్ పుస్తకం ఇచ్చింది. కాని ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు, మా తిండి ముట్టదు. ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు తిని, సాయంత్రం కాగానే కిటికీ దగ్గర కూర్చుని తన ఊరి దారిలో, అల్లపల్లి వైపు పోయే బస్సు చప్పుడు వినేది. ఒకరోజు పుస్తకం ఇవ్వడానికి వెళ్ళి ఆమె బల్ల మీద బదిలీ దరఖాస్తు చూశాను. అంతా రాసి ఉంది, సంతకం ఒక్కటే మిగిలింది.

బాపు వాళ్ళమ్మను, మా అవ్వను పట్టుకుని ఏడ్చాను. ఆమె చేట పక్కన పెట్టి, "ఏడ్వకు బిడ్డ. కడుపు మాడ్చుకొని కూసుంటే ఏ ఊరైనా గట్లనే కనవడతది. రేపు బడి లేదు గద, అంగడికి తోలుకపోదాం. అన్నీ తినిపిద్దాం. అటెన్క ఉంటదో పోతదో ఆమె ఇష్టం" అంది.

ఆ సాయంత్రమే గ్రాఫ్ పుస్తకంలో అంగడి గీశాను. చూపించాల్సిన పద్నాలుగు చోట్లకు అంకెలు వేసి, ఇంటి నుంచి అతి దగ్గరి దారిని ఎర్ర పెన్సిలుతో కలిపాను. అవ్వ ఎప్పుడూ బడి వెనుక నుంచి చుట్టు తిరిగి అంగడికి పోయేది. అది ముసలివాళ్ళ అలవాటనుకున్నాను. నా దారి అందులో సగం. ఒకటో అంకె ఎండు చేపల వరుస.

మర్నాడు నేను పుస్తకం పట్టుకుని ముందు నడిచాను, వెనుక అవ్వ, బాయి. గోనెల మీద వెండి బిళ్ళల్లా పరిచిన చిన్న చేపలు, కట్టలు కట్టిన పెద్ద చేపలు, కుప్పపోసిన రొయ్య పొట్టు, వాటి మీదుగా వచ్చే ఏప్రిల్ వడగాలి. నేను "నంబర్ ఏక్" అనేలోపే బాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ముఖం పాలిపోయి, రోడ్డు పక్కన కూలబడింది. ఆమె చేప వండని ఇంట్లో పుట్టిన మనిషి. ఇంటికి పోతానని మరాఠీలో గొణిగింది.

"ఏంది పెద్దమ్మా, కొత్త కోడలా? చేపను జూత్తెనే కండ్లు తిరిగినయా?" అంది చేపలామె.

"నీ చేపలను జూసి గాదు, నా మనుమని తెలివి జూసి తిరిగినయ్" అని అవ్వ నా వైపు తిరిగింది. "నేనెన్నడన్న నిన్ను ఇటు నుంచి తోలుకొచ్చిన్నారా?"

"ఇటైతే దగ్గర, అవ్వా."

"అవ్, దగ్గరనే. ముక్కుకు గూడ."

అవ్వ బాయి చెయ్యి పట్టుకుని లేపి, బడి వెనుక నుంచి తీసుకుపోయింది. అటు నుంచి పోతే గాలి మన వీపుకు తగులుతుంది, చేపల వాసన ఎదురు రాదు. ముందు వచ్చేవి అడవి నుంచి తెచ్చిన సరుకులు. ఇప్పపూల కుప్పల మత్తు తీపి, పండి పగిలిన తునికి పండ్లు, కొత్త చింతపండు, వెదురు బుట్టల పచ్చి వాసన. ఆ మొదట్లోనే మాసే కూర్చునేది. పాతగూడెం దిక్కు అడవి పల్లె నుంచి మొర్రి పండ్లు తెచ్చే గోండు ఆమె. ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. రుచి చూడమని దోసిలి నిండా పండ్లు ఊరికే ఇస్తుంది, కాని గింజలు ఉమ్మెయ్యకూడదు, చేతిలో పోగుచేసి తిరిగి ఇవ్వాలి. వాటిని ఎండబెట్టి పగలగొడితేనే సారపప్పు. తెలియనివాళ్ళు ఉమ్మేస్తే మాసే ఏమీ అనదు. రెండో దోసిలి మాత్రం ఇవ్వదు.

బాయికి ఆ సంగతి చెప్పడం మర్చిపోయానని, ఆమె మొదటి పండు నోట్లో వేసుకున్నాక గుర్తొచ్చింది. నా కాగితం మీద పద్నాలుగు అంకెలున్నాయి, ఇది లేదు. బాయి నమలడం ఆపేసింది. కళ్ళు మూసుకుంది. మరొకటి తింది, ఇంకొకటి తింది, దోసిలి ఖాళీ చేసింది. తర్వాత ఎడమ పిడికిలి విప్పి, శుభ్రంగా చప్పరించిన గింజలన్నీ మాసే బుట్టలో తనే పోసింది.

"అరే, చార!" అంది, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ. చామోర్షిలో ఈ పండు పేరు చారట. ఆమె చిన్నప్పుడు వాళ్ళ మేనత్త పిల్లలకు ఈ పండ్లు పెట్టి, గింజలు లెక్కపెట్టి మరీ తీసుకునేదట. ఒకటి మింగినందుకు తనకు రెండు రోజులు పండ్లు పెట్టలేదట.

మాసే తనకొచ్చిన తెలుగులో, "గీమె మనామెనే" అని రెండో దోసిలి నింపింది.

అక్కడి నుంచి బాయిని ఆపడం మా వల్ల కాలేదు. తర్రి అనే ఎర్రటి కారం పులుసు పోసిన అటుకుల పోహా, వేడి జిలేబీ, గోదావరి అవతలి నుంచి పడవలో వచ్చిన మిరపకాయల ఘాటుకు వరసగా తుమ్ములు, మొక్కజొన్న గింజలు ఉడికించి ఆకులో పెట్టిచ్చే మక్కగుడాలు. చివరికి చేపల వరుసను కూడా కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వుకుంటూ దాటింది.

బాయి మా ఊళ్ళో ఆరేళ్ళుంది. ఆ దరఖాస్తు చాలా రోజులు ఆమె గదిలో పొయ్యి పక్క మేకుకు వేలాడింది. వెనుక వైపు, మరాఠీ అక్షరాల్లో, అవ్వ చెప్పిన మామిడికాయ తొక్కు కొలతలు. ముందు వైపు సంతకం చోటు ఖాళీగానే ఉండేది, నూనె మరకతో.

పోయిన ఎండాకాలం సిరొంచ వెళ్ళాను. అవ్వ లేదు. పడవలు లేవు, వంతెన మీద లారీలొస్తున్నాయి. మాసే కూర్చున్న చోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు, ఆమె సంగతి ఎవరూ చెప్పలేకపోయారు. చేపలకు ఇప్పుడు వేరే షెడ్డు ఉంది, ఎటు నుంచి పోయినా ఒకటే. అయినా నేను బడి వెనుక నుంచే వెళ్ళాను.

తిరుగు ప్రయాణంలో బస్సు అల్లపల్లిలో ఆగినప్పుడు, ఒకామె కిటికీ కింద ఆకు దొన్నెలో మొర్రి పండ్లు అమ్ముతోంది. కొని, అక్కడే తిని, పదిహేడు గింజలున్న చెయ్యి కిటికీ నుంచి చాపాను. ఆమెకు అర్థం కాలేదు.

"ఎందుకు సార్, పారెయ్" అంది.

బస్సు కదిలింది. టేకు చెట్లు అయిపోయేదాకా నేను పిడికిలి విప్పలేదు.