పెట్టెకు చలవ చేసిన మా మరిది బాలకిషన్

మా మరిది బాలకిషన్ ఈ ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం పూట, కర్మాగారంలో తన పనిబల్ల ముందు నిలబడి ఉండగానే కాలధర్మం చెందాడు. ఆ కబురు మోసుకొచ్చినవాడు అతని తోటి కార్మికుడు జోసెఫ్. హుస్సేనీ ఆలంలోని మా ఇంటి గడప ముందు నిలబడి, "వదినమ్మా, అన్న ఉన్నడా ఇంట్ల?" అని మా ఆయన కోసం అడిగాడు. లేడన్నాను. "బాలకిషన్ పోయిండు వదినమ్మా" అన్నాడు. అప్పుడు నేను మజ్జిగ కలుపుతున్నాను. విన్నాను, అర్థమైంది కూడా. అయినా చేతిలోని ఉప్పు మజ్జిగలో వేశాను. కవ్వం తిప్పాను. మళ్ళీ ఉప్పు వేశాను. సాయంత్రం ఆ మజ్జిగను ఎవరో పారబోశారు.

ఆ రోజు నుంచి నేటి వరకు నాకు కన్నీరు రాలేదు. దుఃఖం లేక కాదు. అది ఎక్కడో దూరంగా, మరొకరి ఇంట్లో ఉన్నట్టుంది. ఇటువంటి స్థితిలో ఉండగా జోసెఫ్ వచ్చి, తమ కార్మికుల పత్రికకు నాలుగు మాటలు రాసిమ్మన్నాడు. బడి గడప తొక్కనిదాన్ని, నేను రాయడమేమిటన్నాను. "ఆయన నేర్పిన అక్షరాలే గద వదినమ్మా, ఆయన కోసం రాయరా?" అన్నాడు. కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి బాలకిషన్ హైస్కూలు విద్యార్థి. సాయంత్రం బడి విడిచాక ఒక రేడియో దుకాణంలో పని నేర్చుకునేవాడు. నాకు అక్షరజ్ఞానం శూన్యం. మా అత్తగారు స్తోత్రాలు కంఠతా చెబుతుంటే వెనకాల గొణుగుతూ సగం పదాలు మింగేసేదాన్ని. అతను అది కనిపెట్టాడు. ఒకనాడు టంకం తీగను వేళ్ళతో వంచి నా ముందు పెట్టి, "ఇదేంది వదినె?" అన్నాడు.

"జిలేబి లెక్కున్నది."

"నోట్లె వెట్టుకోకు, అండ్ల సీసముంటది. ఇది 'అ'. రేపటికి నువ్వే వంచాలె."

అలా తీగ వంచి వంచి అక్షరాలు నేర్చుకున్నాను. స్తోత్రాల పుస్తకాన్ని మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా చదువుకున్న నాడు, ఆ విద్యాదానానికి కృతజ్ఞతగా మరిదికి చేతులు జోడించబోతే వెనక్కి గెంతాడు. "పెద్దోళ్ళు మొక్కితె చిన్నోళ్ళకు ఆయుష్షు తగ్గుతదట, నాకద్దు" అని నవ్వాడు. ఆ మాట ఇప్పుడు తలుచుకోకుండా ఉండడానికి ప్రయత్నిస్తున్నాను.

తరువాత అతనికి కర్మాగారంలో ఉద్యోగం దొరికింది. సెలవునాడు మాత్రం ఇల్లే అతని కార్యశాల. ఉపగ్రహం నుంచి నేరుగా పాఠాలు అందుకునే యంత్రాలు కొన్ని ఊళ్ళ బడులకు వచ్చిన కాలమది. బడి కప్పు మీద తీగజాలితో అల్లిన పెద్ద గొడుగు ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. అది పట్టినదాన్ని గదిలోని ఒక పెట్టె సరిచేసి టీవీకి అందిస్తుంది. ఆ పెట్టెను రిసీవర్ అంటారు. రేకుల కప్పు కింద, ఎప్పుడు ఎగుస్తుందో ఎప్పుడు దిగుతుందో తెలియని కరెంటుతో, ఆ పెట్టెలు కుంపట్ల మాదిరి కాగిపోయి ఒక్కొక్కటే మూగబోయేవి. వికారాబాద్ దారిలోని ఒక ఊరి నుంచి సుగుణ టీచర్ అనే ఆవిడ, ఎవరి ద్వారానో విని, తమ బడి పెట్టెను బస్సులో ఒడిలో పెట్టుకుని మా ఇంటికి తెచ్చింది. ఆ తరువాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ రాసాగారు.

పరీక్షించడానికి తనకూ ఒక గొడుగు కావాలి కదా. కోళ్ళ గూటికి వాడే జాలి తెచ్చి, వెదురు బద్దలకు బిగించి మేడ మీద నిలబెట్టాడు. వెనకింటి పాలవాడు మల్లయ్య తల పైకెత్తి చూసి, "కోళ్ళెప్పుడు తెస్తున్నవ్ పటేలా?" అని అడిగాడు.

"ఇవి మీద ఎగిరే కోళ్ళు మల్లన్నా. గుడ్డు వెట్టినంక చెప్త."

పెట్టె బాగుచేయడమంటే మాడిన భాగాన్ని మార్చి పంపడమని అతను అనుకోలేదు. అది ఎందుకు మాడిందో చూసేవాడు. కరెంటును ఒకే తీరులో నిలిపి ఉంచే చిన్న ముక్క ఒకటి లోపల ఉంటుంది. రెగ్యులేటర్ అనేవాడు. అన్నింటికంటే ఎక్కువ వేడెక్కేది అదే. ఆ వేడిని బయటికి లాగడానికి దాని వీపుకు అల్యూమినియం రెక్కలు ఉంటాయి. పెట్టెతో వచ్చిన రెక్కలు చాలడం లేదని, మా వంటింట్లోని తపేలా మూతను కత్తిరించి, మడతలు పెట్టి, పెద్ద రెక్కలు చేశాడు.

"మూత అడగకుండ తీస్కున్న వదినె."

"చూసిన. అన్నం ఉడకకపోతె తెచ్చి నీ డబ్బ మీదనె వెడత."

ఆ రెక్కలను అతికించడంలో అతను చేసిన పొరపాటు మా గల్లీలో నేటికీ చెప్పుకుంటారు. అతని బాల్యమిత్రుడు ఖాజా భాయ్ లాడ్ బజార్‌లో లక్క గాజులు చేస్తాడు. మా వైపు చాకు పిడి ఊడినా, గాజు మీది అద్దం ఊడినా, అతకడానికి లక్కే గతి. బాలకిషన్ కూడా ఆలోచించకుండా ఖాజా భాయ్ దగ్గర లక్క తెచ్చి రెక్కలు అతికించాడు. అది రాయిలాగా పట్టింది. సంతోషించి పెట్టె నడిపాడు. పెట్టె వేడెక్కింది, లక్క మెత్తబడింది, రెక్కలు జారిపోయాయి, ఎర్రటి ధార లోపలి తీగల మీదికంతా కారింది.

ఖాజా భాయ్ వచ్చి చూసి నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "అరె మియా, పొద్దంత నేను బొగ్గుల మీద లక్క కరగవెడుతుంటె నువ్వు ముంగట కూసొని చాయ్ తాగుతవ్. మళ్ల తెచ్చి పొయ్యి మీదనె అతికించినవా?"

"నీ గాజులు కరుగవు గద భాయ్."

"గాజులేస్కునే చెయ్యి చల్లగుంటది. ముందు నువ్వు షాదీ చేస్కో, తెలుస్తది."

ఆ లక్కను సూదితో గీకి గీకి తీయడానికి అతనికి చాలా సెలవులు పట్టాయి. ఒక్కసారీ విసుక్కోలేదు. "తెలిసిన వస్తువని ఎక్కువ నమ్మిన వదినె" అని మాత్రం అన్నాడు. అప్పటి నుంచి రెక్కలను మరలతో బిగించేవాడు. రెగ్యులేటర్‌కూ రెక్కకూ నడుమ పల్చటి అభ్రకపు రేకు పెట్టి, అటూ ఇటూ తెల్లటి లేపనం పూసేవాడు. అభ్రకం వేడిని పోనిస్తుందట, కరెంటును పోనివ్వదట. పెట్టె పక్కకు చిల్లులు వేసి చిన్న ఫ్యాను అమర్చాడు. దుమ్ము లోపలికి పోకుండా దానికి నా పాత మల్లు చీర కొంగు కట్టాడు. ఆ లేపనం పూయడం చూసి, "ఎండకాలం దేవునికి గంధం పూసినట్టు పూస్తున్నవ్" అన్నాను.

"నీ దేవునికి చెమటవడితె చూసెటందుకు పూజారి ఉన్నడు. దీనికెవలున్నరు వదినె?"

పరీక్ష పెట్టడంలో అతనికి కనికరం లేదు. మల్లయ్య బర్రెల కొట్టానికి రేకుల కప్పు. ఎండ నడినెత్తిన ఉండగా పెట్టెను ఆ కొట్టంలో పెట్టి, మీద గొంగడి కప్పి, పొద్దుగూకే దాకా నడిపేవాడు. ఆగకుండా నడిస్తేనే ఊరికి పంపేవాడు. "ఊళ్ళె దానికి చల్లటి అర్రలు ఎవలిస్తరు? ఈడ ఓర్చుకుంటె ఆడ బతుకుతది" అనేది అతని సిద్ధాంతం. పాఠాలు వింటూ బర్రెలు పాలివ్వడం తగ్గించాయని మల్లయ్య ఫిర్యాదు చేస్తే, "చదువుకున్నయ్ గద, ఇగ పనిచెయ్యయ్" అన్నాడు. నిర్జీవమైన వస్తువు పట్ల అతనికున్న దయను నేను మనుషుల పట్ల కూడా అంతగా చూడలేదు. "ఖరాబైనదాన్ని కసురుకోవద్దు వదినె. దానికి నోరు లేదు. వేడితోనె చెప్పుకుంటది" అనేవాడు.

పెళ్ళి మాటెత్తితే, "డబ్బలతోని సంసారం చేసెటోనికి పిల్లనెవలిస్తరు?" అని తప్పించుకునేవాడు. ఈ ఏడు ఎలాగైనా ఒప్పించాలని ఒక సంబంధం చూసి ఉంచాను. ఆ పిల్ల తల్లిదండ్రులకు కబురు పంపవలసి వచ్చింది. ఏమని పంపానో గుర్తు లేదు.

ఎండలు ముదరకముందే సుగుణ టీచర్ ఆ పెట్టెను మళ్ళీ తెచ్చింది. కరెంటు ఒక్కసారిగా ఎగదన్నడంతో లోపల సగం మాడిపోయింది. ఆవిడ కూర్చోలేదు, మంచినీళ్ళు ముట్టలేదు. "బడి తెరిచేలోపు నడవకపోతే పెట్టె, టీవీ, గొడుగు అన్నీ వాపసు తీస్కపోయి ఇంకో ఊరికిస్తమన్నరు ఆఫీసోళ్ళు, అన్నా. ఒకసారి పోయినంక మళ్ళ మా ఊరికి రావు. మా ఊళ్ళె పెద్ద తరగతులకు నేనొక్కదాన్నే. నాకు రాని పాఠాలు అదే చెప్తది" అంది.

"చూద్దాం" అనడమే బాలకిషన్‌కు అలవాటు. అతను ఎవరికైనా మాట ఇవ్వడం నేనెరుగను. ఆ రోజు మూత విప్పి, లోపలికి చాలాసేపు చూసి, "బడి తెరిచేనాటికి నడుస్తది టీచరమ్మా. మాటిస్తున్న" అన్నాడు.

అతను పోయిన నాడు ఆ పెట్టె మా ఇంట్లోని అతని బల్ల మీద మూత తీసే ఉంది. మాడిన భాగాలు మార్చాడు. మునుపటి కంటే వెడల్పైన రెక్కలు కోసి నున్నగా రుద్ది పెట్టాడు. బిగించడమే మిగిలింది.

మైల దినాలు. దేవుని గూడు మూసి ఉంది. స్తోత్రం చదవకూడదు. వచ్చిన బంధువుల్లో ఒక పెద్దావిడ, "ఇంట్ల గిట్లయినంక ఇంక గీ డబ్బల లొల్లి ఏంది? పాత సామాన్లోనికి ఇచ్చెయ్యుండ్రి" అంది. ఇన్నేళ్ళూ ఈ పెట్టెలను చూసి సణిగిన మా ఆయన లేచి నిలబడి, "అది మావోడు మాటిచ్చిన పెట్టె. ఎవలు గూడ చెయ్యి వెట్టొద్దు" అన్నాడు. ఆ మాటకు నేను ఆయనకు ఎంత రుణపడ్డానో చెప్పలేదు.

కర్మకాండ ముగిశాక వచ్చిన సెలవునాడు జోసెఫ్ వచ్చి కూర్చున్నాడు. రెక్కలు బిగించాడు, టంకం పెట్టాడు, కరెంటు ఇచ్చాడు. ఫ్యూజు ఎగిరిపోయింది. మార్చి ఇస్తే మళ్ళీ ఎగిరింది. బడి తెరవడం దగ్గరపడింది. జోసెఫ్ చేతులు తుడుచుకుని, "నాతోని అయితలేదు వదినమ్మా. ఆయన చెయ్యి నాకేడ వస్తది?" అన్నాడు.

నేను బల్ల వైపు చూశాను. ఒక సాసర్‌లో, కోసి పెట్టిన అభ్రకపు రేకు అలాగే ఉంది.

"తమ్మీ, ఇది లోపల వెయ్యాలె గద?"

జోసెఫ్ దాన్ని చూసి నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆత్రంల మరిచిన. ఆయనైతె మరువడు" అన్నాడు. రేకు వేసి, లేపనం పూసి, మళ్ళీ బిగించాడు. ఈసారి ఫ్యూజు నిలిచింది. పెట్టె మీది ఎర్రదీపం వెలిగింది.

ఇక పంపుదామన్నాడు జోసెఫ్. కొట్టంలో పెట్టకుండా పంపడం కుదరదన్నాను. మరునాటికి సుగుణ టీచర్‌కు కబురందింది, ఆవిడా వచ్చింది. ఖాజా భాయ్ పని విడిచి వచ్చి బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. మల్లయ్య బర్రెలను పక్కకు కట్టాడు. గొంగడి కప్పాము. గొంగడి కింద పెట్టె, ఎదురుగా టీవీ. రేకుల కింద మనిషి నిలవలేని సెగ. విత్తనశుద్ధి గురించి ఎవరో నిదానంగా చెబుతున్నారు. బొమ్మ కదిలితే అందరం ముందుకు వంగాము. నిలబడితే వెనక్కి ఒరిగాము.

"ఇంత ఎండల డబ్బకు కంబల్ కప్పెటోడు హైద్రాబాద్‌ల ఒక్కడే ఉండె" అన్నాడు ఖాజా భాయ్.

పొద్దుగూకింది. పెట్టె ఆగలేదు. జోసెఫ్ గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఖాజా భాయ్ రుమాలుతో ముఖం కప్పుకున్నాడు. నేను గొంగడి దులిపి మడత పెట్టాను. భగవంతుడు చేయించవలసింది చేయించాడని తెలుసు. తెలియడం వేరు, అది మనసుకు తాకడం వేరు.

సుగుణ టీచర్ పెట్టెను దుప్పట్లో చుట్టి చంకనెత్తుకుంది. నా చెయ్యి పట్టుకుని, "అన్న ఇచ్చిన మాట నిలిచిందమ్మా" అంది. గల్లీ మలుపు దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అడగొద్దేమో అమ్మా. ఇది మళ్ళ ఖరాబైతే ఎవలకు తేవాలె?"

జోసెఫ్ ఖాజా భాయ్ వైపు చూశాడు. ఖాజా భాయ్ నేల వైపు చూశాడు. నేను నోరు తెరిచాను. ఇల్లు చెప్పగలను, గల్లీ చెప్పగలను. ఎవరికి అన్నదానికి పేరు రాలేదు. బస్సు దొరకదని ఆవిడను పంపించేశాను.

బడి తెరిచిన నాడు పాఠం స్పష్టంగా వచ్చిందని కబురందింది. ఇన్నాళ్ళు ఇటువంటి మనిషికి అన్నం పెట్టే భాగ్యమిచ్చినందుకు దైవానికి కృతజ్ఞురాలిని. ఆ ధర్మాత్ముడికి నా నమస్కారం. ఈ పత్రిక ఆ ఊరికి కూడా పోతుందని జోసెఫ్ చెప్పాడు. కనుక ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబును ఇక్కడ ఇస్తున్నాను. ఎవరూ లేరు టీచరమ్మా.