బొటనవేలి వైపు

శనివారం ఉదయం ఆరు దాటాక తెనాలిలో సికింద్రాబాద్ బండి ఎక్కాం, నేనూ మా అక్క కూతురు కరుణా. ఎక్కించడానికి వచ్చిన కరుణ భర్త కిటికీలోంచి రెండు ఇడ్లీ పొట్లాలు అందించి, "నా కోసం కూడా ప్రార్థన చేయండి అత్తయ్యా" అన్నాడు. హైదరాబాద్‌లో రెండు రోజుల ఉపవాస కూటాలకు వెళ్తున్నామని అతనికి చెప్పింది నేనే. ఉపవాసం సంగతి మరిచిపోయినట్టున్నాడు. మా సంఘంలో స్త్రీల సమాజానికి పద్దెనిమిదేళ్లుగా పెద్దగా ఉన్నాను. నా మాట మీద ఎవరికీ అనుమానం రాదు.

నిజానికి మేం వెళ్తున్నది ఫిలింనగర్‌లో కరాటే నేర్పే చోటికి. వేసవిలో కరుణ కుడి మణికట్టు విరిగింది. బాత్రూంలో జారిపడ్డానని చెప్పింది. ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, నన్ను పక్కకు పిలిచి, పడితే ఇలా విరగదమ్మా, ఎవరో మెలిపెట్టారు అంది. ఫిలింనగర్‌లో తనకు తెలిసినావిడ పిల్లలకూ పెద్దలకూ కరాటే నేర్పుతుందని, నెలకోసారి బయటి ఊళ్ల ఆడవాళ్లకు రెండు రోజుల తరగతి పెడుతుందని చిరునామా రాసిచ్చింది.

ఎవరు మెలిపెట్టారో తెలుసుకోవడానికి నాకు ఎక్స్‌రే అక్కర్లేదు. అక్క పోయాక కరుణకు పుట్టిల్లు మా ఇల్లే. రెండుసార్లు వచ్చేసింది. రెండుసార్లూ ప్రార్థన చేసి, ఓర్చుకోమని బైబిల్లో వాక్యం చూపించి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అతని ఇంట్లో దింపి వచ్చాను. రెండోసారి దింపిన పదో రోజున చెయ్యి విరిగింది.

బండిలో ఎక్కడికని అడిగి, ఫిలింనగర్ అనగానే ఎదురు సీటు పెద్దావిడ కరుణను పైనుంచి కిందికి చూసి, "ఇప్పుడెళ్తే వేషాలిస్తారంటమ్మా?" అంది. కరుణ నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా నెలలైంది.

పదకొండున్నరకు సికింద్రాబాద్‌లో దిగాం. అక్కడినుంచి మెట్రోలో యూసుఫ్‌గూడ వెళ్లడానికి ఎక్కడా మారక్కర్లేదు. కృష్ణానగర్‌లో ఆడవాళ్ల హాస్టల్‌లో ఒక రాత్రికి రెండు మంచాలు దొరికాయి. ఎదురు గది గుమ్మంలో ఇద్దరు డాన్సర్ అమ్మాయిలు మోకాళ్లకు నొప్పుల మందు రాసుకుంటూ కూర్చున్నారు. పెరుగన్నం తిని, రెండింటికి ఆటోలో ఫిలింనగర్ చేరాం. ముసురు పట్టింది. దారంతా తడిసిన పోస్టర్లు, ఎత్తు గోడలు, మూసిన గేట్లు.

తరగతి ఒక భవనం సెల్లార్‌లో. నేలంతా నీలం మ్యాట్లు, గోడకు ఒక ఎర్ర బల్బు. పై అంతస్తులో డబ్బింగ్ థియేటర్ ఉంది. అక్కడ రికార్డింగ్ జరుగుతున్నంతసేపు ఈ బల్బు వెలుగుతుంది, కింద ఎవరూ అరవకూడదు. దెబ్బకొక కేక వేయడం కరాటేలో పద్ధతి. బల్బు ఆరగానే పిల్లలు ఆపుకున్న కేకలన్నీ ఒక్కసారి వేసేవారు. మళ్లీ వెలిగితే అవే పిడికిళ్లు, అవే కాళ్లు, నోరు మెదపకుండా. ఆ చప్పుడు లేని దెబ్బలు చూస్తుంటే మా సంఘంలోని కొన్ని ఇళ్లు కళ్ల ముందు కదిలాయి.

నేర్పే రేణుక మాస్టర్‌కు యాభై ఉంటాయి. రహమత్ నగర్‌లో పుట్టింది. ఇరవై ఏళ్లు హీరోయిన్ల బదులు మేడల మీంచి దూకింది. ఇప్పుడు ఒక మోకాలు వంగదు. మొదటి పాఠం పిల్లలకూ పెద్దలకూ ఒకటే అంది. ఒకరు మణికట్టు పట్టుకోవాలి, రెండోవారు విడిపించుకోవాలి. నేను కరుణ ఎడమ చెయ్యి పట్టుకున్నాను.

కరుణ లాగలేదు. చెయ్యి నాకు ఇచ్చేసి నిలబడింది. మాస్టర్ కుంటుకుంటూ మా దగ్గరికి వచ్చింది.

"ఏందక్కా, పూలబుట్ట పట్టుకున్నట్టు గట్ల పట్టుకుంటే ఎట్ల? మొగోడు గిట్ల పట్టుకుంటడా? నువ్వు జాలి పడితే ఆమెకు రాదు. గట్టిగ పట్టు."

పట్టు బిగించాను. కరుణ ముఖం పాలిపోయింది.

"నువ్వు పట్టుకుంటే నాకు రాదు పిన్నీ" అంది నెమ్మదిగా. "ఆయన పట్టుకున్నప్పుడు లాక్కోవాలనైనా చూసేదాన్ని. నువ్వు తీసుకెళ్లేటప్పుడు అదీ చూడలేదు."

ముప్పై ఏళ్లుగా సంఘంలో లేచి తమ తప్పులు చెప్పుకున్నవాళ్ల సాక్ష్యాలు ఎన్నో విన్నాను. దేనికీ అలా తల దించుకోలేదు.

పక్కన పసుపు బెల్టు కట్టుకున్న ఎనిమిదేళ్ల పిల్ల మమ్మల్నే చూస్తోంది. "ఆంటీ, నాలుగు వేళ్ల దిక్కు గుంజితే రాదు. బొటనవేలు ఒక్కటే ఉంటది కదా, దాని దిక్కు తిప్పు" అంది. తన చెయ్యి నన్ను పట్టుకోమని చేసి చూపించింది. నా పట్టు ఇట్టే ఊడిపోయింది. కరుణ మాత్రం ఆరింటిదాకా ఒక్కసారి కూడా తిప్పలేదు.

ఆదివారం ఆరాధన నేనెన్నడూ మానలేదు. కృష్ణానగర్‌లోనే ఒక మేడ మీద, రేకుల కింద చిన్న సంఘం కూడుతుంటే ఏడింటికి వెళ్లాం. అల్లుడితో చెప్పిన అబద్ధం దేవుని ఎదుట ఒప్పుకున్నాను. రెండుసార్లు దింపి వచ్చిన సంగతి ఒప్పుకోవడానికి మోకాళ్ల మీద ఎంతసేపున్నా మాటలు రాలేదు.

పదింటికి మళ్లీ సెల్లార్. ఎర్ర బల్బు వెలుగుతోంది, అందరూ నిశ్శబ్దంగా చేస్తున్నారు. నేను ఈసారి ఎవరూ చెప్పకముందే గట్టిగా పట్టుకున్నాను. కరుణ నా ముఖంలోకి చూసి, "వదులు" అని కేక వేసి చెయ్యి తిప్పింది. పిల్లలందరూ ఆగిపోయారు. రెండు నిమిషాల్లో పైనుంచి ఒకతను దిగివచ్చి, హీరోయిన్ ఏడుపు మధ్యలో ఎవరో వదలమంటున్నారని మొత్తుకున్నాడు.

"మంచిగనే ఉన్నది కదా, ఉంచుకోండ్రి సినిమాల" అంది మాస్టర్.

అందరూ నవ్వారు. కరుణ నవ్వలేదు. ఎర్రబడిన మణికట్టు చూసుకుంటూ కూర్చుంది.

తిరుగు బండి మూడున్నరకు. నేను ఎక్కాను. కరుణ ప్లాట్‌ఫాం మీదే నిలబడి, మాస్టర్ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందట పిన్నీ, ఉంటానని చెప్పేశాను అంది. రెండు రోజులుగా అనుకున్నవన్నీ ఆ క్షణంలో నాలోంచి పోయాయి. అతను స్టేషన్‌కు వస్తాడు, నేనేం చెప్పను, ముందు ఎక్కు అంటూ వంగి చెయ్యి పట్టుకున్నాను. విరిగిన చెయ్యే. మాస్టర్ చెప్పినంత గట్టిగానే పట్టుకున్నాను.

కరుణ ఈసారి కేక వేయలేదు. చెయ్యి బొటనవేలి వైపు తిప్పింది. బండి కదిలింది.

అయిదింటికి అల్లుడు ఫోన్ చేశాడు. నేను ఎక్కానని, కరుణ ఎక్కలేదని, ఉపవాస కూటాలు అబద్ధమని, చెప్పింది నేనేనని చెప్పాను. "మీరు రండి, స్టేషన్‌లోనే ఉంటాను" అన్నాడు.

ఈ తరగతికి వెళ్లాలనుకునేవారు వదులు బట్టలు తీసుకెళ్లండి, పొద్దున ఏదైనా తిని వెళ్లండి. కూతుర్నో కోడల్నో తీసుకెళ్తుంటే, ఆమెకు తిరుగు టికెట్టు ముందే తీయకండి. నేను తీశాను. నా పక్క సీటు నల్గొండ దాకా ఖాళీగానే వచ్చింది, తర్వాత ఎవరో సంచి పెట్టుకున్నారు.

బయట చీకటి పడుతోంది. తెనాలి ఇంకా మూడు గంటలు. ఎడమ చేత్తో నా కుడి మణికట్టు నేనే పట్టుకుని, ఆ పిల్ల చూపించినట్టు తిప్పి చూసుకుంటున్నాను.